ఆ చిరునామాలో లేరు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఓటు గురించి నేను పెట్టినన్ని నీతులు ఇంకెవరూ పెట్టి ఉండరు. ‘ఓటు వేయనివాడికి అడిగే హక్కు లేదు’, ‘సెలవిచ్చింది నిద్రపోవడానికి కాదు’ అంటూ పొద్దున్నే టీ తాగుతూ పెట్టేవాణ్ణి. పోలింగ్ రోజున ఎవరైనా వేలికి సిరా లేకుండా లిఫ్టులో దొరికితే వాళ్ళ అంతస్తు వచ్చేదాకా పాఠమే. మా ఆవిడ తాయారు ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అని విసుక్కునేది. నేను వినేవాణ్ణి కాదు. స్టీల్‌ప్లాంటులో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, అసోసియేషన్ ప్రెసిడెంటుని. పౌరుడి బాధ్యత గురించి నేను కాకపోతే ఎవరు మాట్లాడతారని నా నమ్మకం.

ఇప్పుడు ఆ గ్రూపు తెరవాలంటేనే సిగ్గుగా ఉంది. ఎందుకో చెబుతాను.

మధురవాడ దాటి సముద్రం వైపు దిగితే మా అపార్ట్‌మెంట్ వస్తుంది. గేటుకి ఎదురుగా రోడ్డు, రోడ్డుకి అవతల జాలర్ల పాలెం, ఆ వెనక సముద్రం. ఉక్కునగరంలో క్వార్టర్స్ ఖాళీ చేసి ఇక్కడికి వచ్చి పదకొండేళ్ళయింది. ఆ పదకొండేళ్ళలో నేను రోడ్డు దాటి పాలెంలోకి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఎండు చేపల వాసన మీదా, అమ్మవారి పండక్కి పెట్టే మైకు మీదా ఫిర్యాదులు మాత్రం రాశాను. ఇసకలో వాళ్ళు వలలు ఆరబెట్టుకునే చోట మాకు వాకింగ్ ట్రాక్ కావాలని కార్పొరేషన్‌కి అర్జీ పెట్టిందీ నేనే.

ఆ పాలెంలో నాకు తెలిసిన మనిషి ఒక్కతే, గంగాలమ్మ. తెల్లవారకముందే హార్బరుకి పోయి, వేలంపాటలో చేపలు కొనుక్కుని, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేది. పది దాటాక మా గేటు దగ్గర కత్తిపీట వేసుకుని కూర్చునేది. ఒంటిగంట దాకా అక్కడే. ఆమెకి నేను ‘ప్లాంటు బాబు’ని. నా పేరు ఆమె ఎన్నడూ అడగలేదు. ఆమె ఇంటిపేరు నేనూ అడగలేదు. పదకొండేళ్ళు ఆమె కోసిన చేప తిన్నాను.

కార్పొరేషన్ ఎన్నికలకి ముందు ఓటర్ల జాబితా సవరిస్తున్న రోజులవి. మా మూడో అంతస్తులో నవీన్ అని ఉంటాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తీరిక దొరికితే ఒక పార్టీకి బూత్ పనులు. ఒక ఆదివారం పదకొండు గంటలవేళ నేను గేటు పక్కన వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని పేపరు చూస్తూంటే కాగితాల కట్ట పట్టుకుని వచ్చాడు.

“అంకుల్, పాలెంలో దొంగ ఓట్లు మామూలుగా లేవు. నాను మూడుసార్లు ఎల్లి సూసేను. తాళాలే. మనుషుల్లేని ఇళ్ళకి ఓట్లేటి చెప్పండి?” అన్నాడు.

అవి జాబితా నుంచి పేరు తీసేయమని అడిగే దరఖాస్తులు. నలభై మూడు. పేర్లు, ఇంటి నంబర్లు, కారణం అన్నీ ముందే రాసి ఉన్నాయి. ‘ఈ చిరునామాలో నివసించడం లేదు’ అని చాలావాటి మీద, ‘మరణించారు’ అని కొన్నిటి మీద. అభ్యంతరం చెప్పేవారి సంతకం ఒక్కటే ఖాళీ.

“నువ్వే పెట్టొచ్చు కదా?” అన్నాను.

“నాను పార్టీ మనిషినని అందరికీ తెలుసంకుల్. మీరైతే న్యూట్రల్. మీలాంటి పెద్దమనిషి పెడితే ఆఫీసులో మారు మాట్లాడరు.”

పెద్దమనిషి అన్న మాట చెవికి ఇంపుగా తగిలింది. ఏ వేళప్పుడు వెళ్ళావని అడిగాను. పదికీ పన్నెండుకీ మధ్యన అన్నాడు. పాలెంలో ఆడవాళ్ళు ఆ వేళకి ఎక్కడుంటారో, మగవాళ్ళ పడవలు ఎక్కడుంటాయో విశాఖపట్నంలో చేప తినే ప్రతివాడికీ తెలుసు. నాకూ తెలుసు. తెలిసీ తల ఊపాను.

ప్లాంటులో నేను మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ని. యంత్రం మీదికి మనిషి ఎక్కాలంటే, కరెంటు తీసేశారని ముందు పర్మిట్ కాగితం మీద ఒకడు సంతకం పెట్టాలి. ఆ పెట్టేవాడు స్వయంగా పోయి స్విచ్చి చూసి, దానికి వేసిన తాళం లాగి చూసి మరీ పెట్టాలి. ఇన్నేళ్ళలో చూడకుండా ఒక్క పర్మిట్ మీద నేను పెన్ను పెట్టలేదు. ‘తిరుమలరావు సంతకం ఉంటే కళ్ళు మూసుకుని ఎక్కొచ్చు’ అనేవారు. అలాంటివాణ్ణి వంద గజాల దూరంలో ఉన్న ఇళ్ళకి వెళ్ళకుండా నలభై మూడు సంతకాలు పెట్టాను. పావుగంట కూడా పట్టలేదు. ‘పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజం’ అన్న వాక్యం ప్రతి కాగితం అడుగునా ఉంది. అది చదివాను కూడా.

వాకింగ్ ట్రాక్ మాట ఆ సమయంలో నా మనసులో లేదంటే అబద్ధం. పాలెం ఓట్లు తగ్గితే మా అర్జీకి బలం వస్తుందని ఒక మూల అనుకున్నాను. పైకి మాత్రం దేశానికి సేవ చేస్తున్నట్టే కూర్చున్నాను.

కట్ట మధ్యలో ‘కారి గంగాలమ్మ, భర్త దాలయ్య’ అని వచ్చింది. పెన్ను ఆగింది. అప్పుడు గంగాలమ్మ నాకు పది అడుగుల దూరంలో, మా ఇంటికే, వంజరం చేప ముక్కలు కొడుతోంది. ‘నీ ఇంటిపేరేంటి గంగాలమ్మా’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. పాలెంలో ఇంటికో గంగాలమ్మ ఉంటుందిలే అనుకుని సంతకం పెట్టేశాను. ఆ తర్వాత లేచి ఆమె చేతిలోంచి చేపల సంచీ అందుకున్నాను.

పోలింగ్ రోజున ఏడింటికే బూత్ పెట్టిన బడికి వెళ్ళి, వరసలో అందరికంటే ముందు నిలబడి ఓటేసి, వేలు ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? మా వాళ్ళు ఎవరెవరు వస్తున్నారో చూద్దామని బడి అరుగు మీద మకాం వేశాను. తొమ్మిదింటికి పాలెం ఆడవాళ్ళు వచ్చారు. ఆ రోజు హార్బరు మానేశారు. గంగాలమ్మ తలంటుకుని, కొప్పులో కనకాంబరాలు పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. గంప లేకుండా ఆమెని చూడడం నాకు అదే మొదటిసారి. నన్ను చూసి నవ్వి లోపలికి వెళ్ళింది.

రెండు నిమిషాల్లో లోపల గొంతు లేచింది.

“నేదంటే ఏటి బాబు? ముప్పై ఏళ్ళుగా ఏత్తన్నాను. సరిగ్గా సూడు.”

“పేరు తీసేశారమ్మా. ఆ చిరునామాలో మీరు లేరని ఎవరో రాసిచ్చారు. ఆ తర్వాత మనిషొస్తే తాళం ఉంది. నోటీసు అంటించారట. మీరు జవాబు చెప్పలేదు,” అంటున్నాడు అక్కడి అధికారి. ఆయన తప్పేమీ లేదు, ఓపిగ్గానే చెబుతున్నాడు.

“నాను మా ఇంట్లో లేనా? మరి ఎక్కడున్నానంట?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పక్కవాళ్ళకి అంటుకుంది. నవ్వినవాళ్ళలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళూ ఉన్నారు. గంగాలమ్మ చుట్టూ చూసింది. గుమ్మంలోంచి నేను కనబడ్డాను.

“ప్లాంటు బాబూ, నువ్వు సదూకున్నోడివి. ఓపాలి సూసిపెట్టు. నువ్వు సెప్పు ఈ బాబుకి, నాను ఉన్నానని.”

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి జేబులో పెన్ను మీదికి పోయింది. లోపలికి వెళ్ళి జాబితా చూసినట్టు నటించాను. ఆమె పేరు మీద కొట్టేసిన గీత ఉంది. దాని కింద ఇంకో గీత, ఆ కింద ఇంకోటి. ‘ఏమో గంగాలమ్మా, ఇప్పుడేం చెయ్యలేరు’ అని గొణిగి బయటికి వచ్చేశాను. వెనక వరసలోంచి పాలెం మనుషులు ఒక్కొక్కరే ఖాళీ వేళ్ళతో వెనక్కి వస్తున్నారు. ఇంటికి వచ్చి వేలి ఫొటో తీసేద్దామని చూస్తే అప్పటికే దానికి ముప్పై చప్పట్లు.

రెండు రోజులు గంగాలమ్మ గేటు దగ్గరికి రాలేదు. మూడో రోజు వచ్చింది. గంప దించకుండానే కొంగులోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో ఓటరు కార్డు.

“బాబూ, మాకు ఇళ్ళ పట్టాలిత్తామని సర్వేకొత్తారంట. ఈ ఇంట్లో ఉన్నానని సెప్పడానికి నా కాడ ఈ కారడు తప్పితే ఏటీ నేదు. ఇప్పుడు అది సెల్లదంటన్నారు. మా ఆయన మంచం మీదున్నాడు, ఆడు రాలేడు. నువ్వు ఓపాలి ఆఫీసుకి రావా? ఎవులు రాసిచ్చారో తెలిత్తే ఆ మనిసినే అడుగుతాను.”

వెళ్ళకపోతే అనుమానం వస్తుందని వెళ్ళాను. దయతో వెళ్ళానని చెప్పుకోగలిగితే బాగుండేది.

ఓటర్ల జాబితా చూసే ఆఫీసులో రోజారమణి అనే గుమస్తా ఫైలు తిరగేసి, దరఖాస్తు నకలు తీసి బల్ల మీద పెట్టింది. “అభ్యంతరం ఎవరు పెట్టారో ఇందులో ఉంటుంది. చదివి చెప్పండి సార్ ఆవిడకి,” అని వేరే పనిలో పడింది.

నా సంతకం నన్నే చూస్తోంది. తేదీ కూడా నా చేతిరాతే, ఆ ఆదివారం. గంగాలమ్మ నా భుజం పక్కన నిలబడి, చదవడం రాకపోయినా కాగితంలోకి వంగి చూస్తోంది.

“సదువు బాబూ.”

“మళ్ళ తిరుమలరావు,” అని ఇంటిపేరుతో సహా చదివాను.

“ఆడెవుడు?”

“తెలీదు,” అన్నాను.

అంత తేలిగ్గా వచ్చింది నోట్లోంచి. పేరు నిజమే చదివాను కదా, అబద్ధం ఆడలేదు కదా అని లోపల ఎవడో వెధవ నన్ను ఓదార్చాడు కూడా.

గంగాలమ్మ ఆ పేరు రెండుసార్లు మెల్లగా పలికింది. మరిచిపోకుండా ఉండడానికి కాబోలు. “మా పేటలో అలాటోడు లేడు. ఎవుడో సదూరానోడయ్యుంటాడు బాబు. ఎవుడో ఏలెట్టి సూపించి సంతకం ఎట్టమంటే ఎట్టీసుంటాడు. నీలాగ సదూకున్నోడైతే ఓపాలి వచ్చి సూసి ఎడతాడు కదా,” అంది.

మళ్ళీ పేరు చేర్చడానికి దరఖాస్తు నేనే నింపాను. ఆమె వేలిముద్ర వేసింది. రోజారమణి ఫారం తీసుకుని, “ఆ చిరునామాలో లేరని ఒకసారి తేలింది కాబట్టి మళ్ళీ విచారణ ఉంటుంది. ఎవరైనా అక్కడ ఉన్నారని రూఢిగా చెప్పాలి,” అంది. గంగాలమ్మ నా వైపు చూసి, “ఈ బాబు సెప్తాడు,” అంది.

మర్నాడు గేటు దగ్గర వంజరం ముక్కలు సంచీలో కట్టి నా చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. “నాకోసం తిరిగేవు. ఇంట్లో అమ్మకి ఇయ్యి,” అంది.

ఆ సంచీ తీసుకెళ్ళి వంటింట్లో గట్టు మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాను. తాయారు ఏమైందని అడిగింది. మొత్తం చెప్పేశాను. మా ఆవిడది ఎలమంచిలి పక్క పల్లె. కోపం వస్తే నలభై ఏళ్ళ పట్నం ఊడిపోయి ఆ పల్లె బయటికి వస్తుంది.

“అయితే ఓటెయ్యండి ఓటెయ్యండని ఊరందరికీ సెప్పి, ఏసేవోల్ల ఓట్లు పీకేసేవన్నమాట.”

“తెలీక...”

“తెలీకేటి! ఆళ్ళు ఆ ఏల ఇంట్లో ఉండరని నీకు తెల్దా? మన గేటు కాడే కదా ఉంతాది. ఆఫీసులో నీ పేరు నువ్వే సదివి ఆడెవుడో తెల్దన్నావంటే... నాను నలభై ఏళ్ళు ఎవుల్తో కాపరం సేసినట్టు?” సంచీ తీసి ఫ్రిజ్‌లో పడేసింది. “ఎల్లి సెప్పు. సెప్పొచ్చే దాకా ఈ ముక్క పొయ్యెక్కదు.”

నాలుగు గంటలకి రోడ్డు దాటాను. పాలెంలో సందులు ఇరుకు. ఆ వేళకి ఏ తలుపుకీ తాళం లేదు. అన్నీ తెరిచి ఉన్నాయి. గుమ్మాల్లో ఆడవాళ్ళు తలలు దువ్వుకుంటున్నారు, మగవాళ్ళు వలలు కుట్టుకుంటున్నారు, పిల్లలు బడి సంచులు విసిరేసి ఆడుకుంటున్నారు. కాగితం మీద నేను ఖాళీ చేయించిన ఊరు నా కళ్ళముందు కిటకిటలాడుతోంది.

గంగాలమ్మ ఇల్లు చూపించారు. లోపల మంచం మీద దాలయ్య ఒక పక్కకి ఒరిగి పడుకుని ఉన్నాడు. పక్షవాతమట. గంగాలమ్మ గంపతో వెళ్ళేటప్పుడు ఆయన్ని లోపలే ఉంచి తాళం వేసుకుని పోతుందట. ఆ పక్షవాతం మాటా నాకు తెలియదు. గంగాలమ్మ కంగారుగా ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసింది. నేను కూర్చోలేదు.

“గంగాలమ్మా, ఆ తిరుమలరావుని నేనే.”

ఆమెకి మొదట అర్థం కాలేదు. నేను మళ్ళీ చెప్పాను. కట్ట సంగతి, సంతకాల సంగతి, ఆ వేళ తను మా గేటు దగ్గరే ఉన్న సంగతి, ఆఫీసులో తెలీదన్న సంగతి, వాకింగ్ ట్రాక్ సంగతితో సహా. చెబుతున్నంతసేపూ ఆమె నా మొహం చూడలేదు, నా కాళ్ళు చూసింది. చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చేశానని అప్పుడు తెలిసింది.

“ఆఫీసులో ఎందుకు సెప్పలేదు?” అంది చివరికి.

“సిగ్గేసింది.”

“నీకు సిగ్గేసింది.” ఆ మాట నెమ్మదిగా అంది. “ఆ బళ్ళో అందరూ నవ్వుతా ఉంటే, తలంటుకుని పూలెట్టుకుని ఎల్లినదాన్ని, నాకు ఏటేసుంటాది?”

“రేపు ఆఫీసుకెళ్ళి నేను అబద్ధం రాశానని రాసిస్తాను. దానికి శిక్ష ఉంటే పడతాను. అందరి పేర్లూ మళ్ళీ ఎక్కేదాకా తిరుగుతాను,” అన్నాను.

“అది రేపు కదా. ఎంతమందివి పెట్టేవు?”

“నలభై మూడు.”

“ఒక్క ఇంటికైనా వచ్చేవా?”

“లేదు.”

ఆమె లేచి కొంగు దోపుకుంది. “ఇప్పుడు రా,” అంది.

మొదటి ఇంటి ముందు ఆగి లోపలికి కేకేసింది. “ఒలే అనూరాదా, ఓపాలి బయటికి రాయే. ఈ బాబుకి నువ్వు ఉన్నావో నేదో సూడాలంట.”

చంకలో పిల్లతో ఒక అమ్మాయి బయటికి వచ్చింది. గంగాలమ్మ పక్కకి తప్పుకుంది. చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆ అమ్మాయి డిగ్రీ చదివింది, మొదటిసారి ఓటు వేద్దామని వెళ్ళి తిరిగొచ్చింది. నా మాటలు పూర్తిగా విని, “నేను ఇక్కడే పుట్టాను అంకుల్,” అంది. తిట్టలేదు.

పక్కింట్లో వల కుడుతున్న దుర్గారావు అనే మనిషి మాత్రం సగం వినగానే సూదీ దారం పారేసి నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను. నిజానికి కొడితే బాగుండుననిపించింది. దెబ్బ తిని ఇంటికి పోవచ్చు. గంగాలమ్మ అతని చెయ్యి విడిపించింది.

“కొట్టకురా. కొడితే ఎల్లిపోతాడు. ఇంకా సానా ఇళ్ళున్నాయి. ముందు మనల్ని సూడనీ.”

అప్పటికి సందులో జనం పోగయ్యారు. నా వెనకే నడుస్తున్నారు. మూడో ఇల్లు రేకుల పాక. గుమ్మంలో నులక మంచం మీద గురువులు అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. కళ్ళు రెండూ తెల్లబడిపోయాయి. గురువులు అన్న పేరు నాకు గుర్తుంది. ‘మరణించారు’ అని రాసి ఉన్న కాగితాల్లో ఒకటి.

“తాతా, ఆపీసు మనిసి కాదు, మన గేటు కాడి ప్లాంటు బాబు. నీకోసం వచ్చేడు,” అంది గంగాలమ్మ.

ఆయన చేతులు ముందుకి చాచాడు. నేను దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి తడిమి దొరకబుచ్చుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ చేతులు వెచ్చగా, ఉప్పుకి గరుకుగా ఉన్నాయి.

“మొన్న బడికాడికి నన్ను మోసుకెల్లేరు బాబూ. నాను సచ్చిపోనానని సెప్పేరు ఆడ. నాకా కళ్ళు కనబడవు, వీళ్ళేమో సరిగ్గా సెప్పరు.” గొంతు తగ్గించి నన్ను దగ్గరికి లాక్కున్నాడు. “నువ్వు సదూకున్నోడివంట. నాను ఉన్నట్టేనా బాబూ?”

“ఉన్నారు తాతా,” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయనకీ వినబడినట్టు లేదు, నా చెయ్యి వదల్లేదు, మళ్ళీ అదే అడిగాడు. గంగాలమ్మ నాకోసం ఆగలేదు. నాలుగో ఇంటి ముందు నిలబడి వాళ్ళని పేరు పెట్టి పిలుస్తోంది.